ఆఖరి మలుపులో తొమ్మిది సెకన్లు

మార్చి 3

బావకి,

ఈ ఉత్తరం అక్కకి వినిపించకుండా నువ్వొక్కడివే చదువు. ఫోన్లో అయితే మనిద్దరం రెండో నిమిషానికే అరుచుకుంటామనీ, కాగితం మీదైతే కాస్త మర్యాదగా ఉంటామనీ ఈ ఉత్తరాల ఏర్పాటు చేసింది అక్కే కాబట్టి, మర్యాదగానే మొదలుపెడుతున్నాను. అక్క బాగుందా? నీ మోకాలు ఎలా ఉంది?

మర్యాద అయిపోయింది. మీ రేసింగ్ బోర్డు ఆఫీసులో కూర్చుని ఆ కొత్త రూలు రాసిన మహానుభావుడెవరో నాకు తెలియాలి. నువ్వు పనిచేసేది అక్కడే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు, మనవాడు లోపల ఉండి కూడా మాకు విస్తరే పడలేదు.

ఆదివారం మా ఊరి ట్రాక్‌లో సీజన్ మొదటి రేసు. ముప్ఫై ల్యాపులు. ఆఖరి ల్యాపులో మూడు మలుపులు ఉన్నాయనగా మా డ్రైవరు మొండి, ఎప్పుడూ ముందుండే ఆ సైలెన్సర్‌గాణ్ణి దాటేశాడు. పన్నెండేళ్ళుగా మేం ఎండలో కూర్చుని అరిచింది ఆ ఒక్క క్షణం కోసం. సరిగ్గా అప్పుడే అందరికంటే వెనకున్న ఒక చచ్చుదద్దమ్మ కారు గింగిరాలు తిరిగి అడ్డంగా ఆగింది. ఎర్రజెండా ఎత్తారు. పాత రోజుల్లో అయితే ట్రాక్ ఊడ్చి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఇప్పుడేమో రేసు అక్కడితో సరి అన్నారు, వెనకటి ల్యాపులో ముందున్నవాడిదే కప్పు అన్నారు. కళ్ళముందు వెనకపడ్డవాడు కప్పు పట్టుకుని నవ్వాడు.

తర్వాత జరిగింది నువ్వు పేపర్లో చూసే ఉంటావు, అందులో సగమే రాశారు. ఆఖరి మలుపు గ్యాలరీలో నాలుగు వేలమందిమి ఉన్నాం. కుర్చీలు ఊడబీకాం. నేను బస్సు బాడీలకి వెల్డింగ్ చేసేవాణ్ణి, ఏ కుర్చీ ఎక్కడ పట్టు వదులుతుందో నాకు తెలుసు, కాబట్టి పని త్వరగా అయింది. రూలు పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టాం. మెట్ల దగ్గర సైలెన్సర్ మనుషులు ఎదురొచ్చారు. మా మంగలి మేస్త్రి ఒకడి చెవి సగం తెంపాడు, చేత్తోనే. నా కనుబొమ మీద సీసా పగిలింది, ఆరు కుట్లు. జెండా పట్టుకున్నవాణ్ణి ఎవరో కింద పడేసి తొక్కారు. నేను తొక్కలేదు. అలాగని ఆపనూ లేదు.

ఆ రూలు రాసినవాడి సంగతి తెలిస్తే చాలు, మిగతాది మేం మాట్లాడుకుంటాం.

ఆరు కుట్ల నీ బామ్మర్ది

మార్చి 9

బామ్మర్దికి,

నువ్వు వినిపించొద్దన్నావు కాబట్టి మీ అక్క ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చదివింది. "నలభై రెండేళ్ళొచ్చాయి, ఇంకా కుర్చీలు పీకుతున్నాడు" అంది. కుట్ల మీద పసుపులూ పొడులూ అద్దకుండా డాక్టరు ఇచ్చిన మందే రాయమంది.

మీవాళ్ళు తొక్కిన మనిషికి మూడు పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలో దిగింది. బతుకుతాడట. అతనికి జెండా పట్టుకోవడం నేర్పింది నేనే. ఈ కుర్చీలోకి రాకముందు పద్నాలుగేళ్ళు నేనూ అదే మలుపు దగ్గర, అదే జెండాతో నిలబడ్డానని నీకు గుర్తుండే ఉంటుంది. నా మోకాలు పోయింది అక్కడే.

పోయినేడు నా పక్కనే జెండా పట్టిన మా బక్కాయన ఎలా పోయాడో నీకు సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు విను. ఒక కారు గోడకి కొట్టుకుంది, లోపల డ్రైవరు ఇరుక్కున్నాడు. బక్కాయన అతన్ని లాగడానికి ట్రాక్ మీదికి పరుగెత్తాడు. నేను పసుపుజెండా ఊపుతూనే ఉన్నాను, మెల్లగా పొమ్మని. వెనకొచ్చిన ఇద్దరూ తగ్గలేదు. గీత దాటేదాకా స్థానాలు మారొచ్చని పాత రూలు. ఏడో స్థానం కోసం పోటీపడ్డారు బామ్మర్దీ, ఏడో స్థానం కోసం. బక్కాయన్ని గుద్దిన చప్పుడు గ్యాలరీ అరుపుల్లో కూడా నాకు వినబడింది. బూటు ఒక చోట దొరికింది, అందులో పాదం ఉంది. మనిషి నలభై గజాల అవతల ఉన్నాడు. నేనే ఏరాను.

అందుకే ఈ రూలు. జెండా లేచాక పోటీపడి ఎవడికీ లాభం ఉండకూడదు. ఎవరు రాశారంటే ఏం చెప్పను, పదిమంది కూర్చుని రాసింది అది.

కోపం తగ్గాక ఒక్కసారి ఆలోచించు. ముప్పావు రేసు దాటాక కారు తిరగబడినా, ట్రాక్ మీద ఇనపముక్క కనబడినా సరే, ఎర్రది ఎత్తాల్సిందే, వెనకటి ల్యాపు లెక్కే లెక్క. ఇదే జెండా మీ మొండి ముందున్నప్పుడు లేచి ఉంటే మీరంతా చంకలు గుద్దుకుని, ఆ రూలు రాసినవాణ్ణి భుజాల మీద మోసేవాళ్ళు. అవునా కాదా?

నీ బావ

మార్చి 16

బావకి,

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి బక్కాయన కోసం. తర్వాత ఐదుసార్లు ఆఖరి పేరా మాత్రమే చదివాను. నువ్వు చెప్పింది నిజం. ఇన్నాళ్ళూ మేం రూలుని తిడుతూ కూర్చున్నాం, రూలు ఏం చెబుతోందో చూడలేదు.

గ్యాలరీ పెద్దలం మొన్న కూర్చుని తీర్మానించాం. ఇకమీదట రూలుకి ఎదురు తిరిగేది లేదు. అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాం. మంగలి మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు.

బస్టాపు దగ్గర గొడవ గురించి ఎవరైనా చెబితే నమ్మకు, నేను చెప్పేది నమ్ము. సైలెన్సర్ మనుషులు మొండి బొమ్మకి నిప్పంటించారు. మేం ఊరుకోలేదు. ఒకడి దవడ పక్కకి వెళ్ళింది, వాడు మాట్లాడుతుంటే నాలుక బయటికి జారుతోంది. నా పిడికిలి కూడా వాచింది, మూడు రోజులు వెల్డింగ్ టార్చి పట్టుకోలేకపోయాను. ఇది రూలు గొడవ కాదు, మానం గొడవ.

ఊరికే తెలుసుకుందామని ఒక మాట అడుగుతున్నాను. ఇనపముక్క ఎంత ఉంటే జెండా ఎత్తుతారు? చూసి ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది? మా గ్యాలరీలో దీని మీద పెద్ద వాదన నడుస్తోంది.

నీ బుద్ధిమంతుడైన బామ్మర్ది

మార్చి 21

బామ్మర్దికి,

నీ ఉత్తరం చదివి నాకెంత తేలికైందో చెప్పలేను. మీ అక్క మాత్రం "వీడు ఇంత త్వరగా ఒప్పుకున్నాడంటే ఏదో ఉంది" అంటోంది. ఆవిడకి తమ్ముడంటే ఎప్పుడూ అనుమానమే. నేను నీ వైపు మాట్లాడాను.

మీ వాదన తీర్చేస్తున్నాను. అరచేయంత ముక్క చాలు. మంచి జెండా మనిషికి నాలుగు సెకన్లు. నేనైతే మూడింట్లో ఎత్తేవాణ్ణి, ఆ మలుపు దగ్గర నాకంటే వేగంగా ఎత్తినవాడు ఇంతవరకూ లేడు.

ఆ రూలు గురించి నీకు చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. కాగితం మీద వద్దు, వచ్చినప్పుడు చెబుతాను. నువ్వు దవడ విరగ్గొట్టిన ఆ కుర్రాణ్ణి ఆసుపత్రికెళ్ళి చూసిరా.

నీ బావ

ఏప్రిల్ 8

బామ్మర్దికి,

రెండు రోజులుగా ఆఫీసులో నా ముందు నీ ఫొటోనే ఉంది. మూడు పేపర్లలోనూ మొదటి పేజీలో వేశారు. మీ అక్క ఒకటి కత్తిరించి అద్దానికి అంటించింది, ఇంక ఆ అద్దంలో నా మొహం కనబడదు.

ఆదివారం నేను ఇక్కడే తెర మీద చూశాను. ఇరవై ఏడో ల్యాపు, మొండి ముందున్నాడు, వెనక తొమ్మిది సెకన్ల దూరంలో సైలెన్సర్. ఆఖరి మలుపులో అతని ముందు చక్రం పేలింది. కారు గాల్లోకి లేచి మీ గ్యాలరీ కింద గోడకి పక్కవాటుగా కొట్టుకుని, రేకు డబ్బాలా నలిగింది. జెండా ఎందుకు లేవలేదా అని అరిచాను. తర్వాత తెలిసింది, అంతకు కొద్ది సెకన్ల ముందే మీ గ్యాలరీలోంచి ఎవడో విసిరిన సీసా జెండా మనిషి నుదుటికి తగిలి ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడని. కంట్లోకి రక్తం కారుతుంటే ఆయనేం చూస్తాడు?

తర్వాత కంచె దూకింది నువ్వని నేను నడకని బట్టి పోల్చుకున్నాను. కట్టరు పట్టుకున్న కుర్రాడి చేతుల్లోంచి దాన్ని నువ్వు లాక్కున్నావు. పెట్రోలు కారుతున్న చోట పడుకుని తలుపు కమ్మీలు కోశావు. పదకొండు నిమిషాలు. నీకు పడనివాణ్ణి నువ్వే బయటికి తీశావు. సైలెన్సర్ బతికాడు. మోచేతి కింద చెయ్యి తీసేశారట, అయినా బతికాడు.

రూలు ప్రకారం కప్పు మొండికి వెళ్ళింది. వచ్చే రేసులో నిన్ను వేదిక మీదికి పిలిచి సన్మానించాలని బోర్డు అనుకుంటోంది. నువ్వు నా బామ్మర్దివని ఆఫీసంతా చెప్పుకున్నాను. ఏనాడూ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పుకుంటున్నాను. వెంటనే జవాబు రాయి.

గర్వంతో నీ బావ

ఏప్రిల్ 12

బావకి,

ఆ ఫొటో అద్దం మీంచి తీసేయమను. సన్మానం వద్దని బోర్డుకి చెప్పు.

నాకు నిద్ర లేదు. కట్టరు కమ్మీని కొరుకుతుంటే అవతల అతని వేళ్ళు కదులుతూ కనిపించాయి. కమ్మీకి, సీటుకి మధ్య చెయ్యి పిండైపోయింది, వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. హెల్మెట్ తీశాను. పన్నెండేళ్ళు తిట్టాను గానీ ఆ మొహం దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. ముక్కు మీద మచ్చ ఉంది. "నీళ్ళు" అన్నాడు.

జనం షెడ్డుకి వచ్చి భుజం తట్టి వెళ్తున్నారు. నేను దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంటున్నాను. ఇంతకంటే రాయలేను.

బామ్మర్ది

ఏప్రిల్ 17

బామ్మర్దికి,

సైలెన్సర్ చక్రంలో దిగబడ్డ ముక్కని విచారణ కోసం మా కమిటీకి పంపారు. నిన్న మధ్యాహ్నం నా బల్ల మీద పెట్టారు. నాలుగు ఊచలు కలిపి అతికిన ముల్లు, ఎటు పడేసినా ఒక మొన పైకే ఉంటుంది. అరచేయంత ఉంది.

నేను దాన్ని ముట్టుకోకముందే నాకు తెలిసిపోయింది. మా ఇంటి గేటు నువ్వు చేసిందే, రోజూ పొద్దున ఆ అతుకుల మీద చెయ్యి వేసే బయటికి వస్తాను. ఎడంచేతి వాటం మనిషివి, నీ అతుకు మీద చేపపొలుసుల్లా పడే వరసలు అందరివాటికీ ఎదురు దిక్కున ఉంటాయి. చివర చిన్న కొక్కెంలా తిప్పి ఆపుతావు. ఇంకెవడూ అలా ఆపడు. నీ సంతకం కంటే అదే స్పష్టంగా ఉంది.

అప్పుడు నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. రూలు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తామన్నావు. ఎంత ముక్క, ఎంతసేపు అని అడిగావు. నేను ముసలి గుర్రంలా సకిలించి నా మూడు సెకన్ల గొప్ప చెప్పుకున్నాను. మొండి ముందుంటే చంకలు గుద్దుకునేవాళ్ళని ఎగతాళి చేసింది కూడా నేనే. మొండి ఆ మలుపు దాటిపోయాక పడేశావు, సైలెన్సర్ వచ్చేలోగా తొమ్మిది సెకన్లు ఖాళీ ఉంది, నాలుగింట్లో జెండా లేస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. అంతేగా నీ లెక్క? ఆ లెక్క చెప్పింది నేను. నీ పక్కవాడి సీసా అందులో లేదు.

చెప్పాల్సింది ఒకటుందని రాశాను కదా. ఆ రూలు పదిమంది రాయలేదు. నేను రాశాను, బక్కాయన పోయిన వారానికి, ఒక్కణ్ణే కూర్చుని. మిగతావాళ్ళు సంతకాలు పెట్టారు. నువ్వు వెతుకుతున్నది నన్నే. భయపడి చెప్పలేదు. నీకు కాదు, నీ వెనకున్న నాలుగు వేలమందికి.

నాకు నీ మీద ఎంత కోపం ఉందంటే, నువ్వు ఎదురుగా ఉంటే నీ మెడ విరిచేవాణ్ణి. కానీ మీ అక్క వంటింట్లో నీ గొప్ప పక్కింటావిడకి చెబుతుంటే విన్నాను. ఇవాళ అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు గది తలుపు వేసి, ఆకురాయితో ఆ అతుకుని నున్నగా అరగదీశాను. పొలుసులు లేవు, కొక్కెం లేదు. ఇంక అది ఎవరి పనో దేవుడు కూడా చెప్పలేడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి పని చేయలేదు. నోరు మూసుకుని ఉండు. నువ్వు జైలుకి వెళ్తే ఆవిడ బతకదు.

నీ బావ

ఏప్రిల్ 18

బావకి,

ఇది నర్సమ్మ చేత రాయిస్తున్నాను. దస్తూరీ చూసి కంగారుపడకు.

బుధవారం సైలెన్సర్ నన్ను చూడాలని కబురు పెట్టాడు, కాపాడినందుకు దణ్ణం పెట్టుకోవాలట. వెళ్ళాను. రెండు చేతులూ కలపబోయాడు, రెండోది లేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి. నేను ఆగలేకపోయాను. ముల్లు చేసింది నేనే, కంచె సందులోంచి విసిరింది నేనే అని చెప్పేశాను. "కప్పు కోసమా?" అన్నాడు. అవునన్నాను. "ఇచ్చారా నీకు?" అన్నాడు. వెటకారం కాదు బావా, నిజంగానే అడిగాడు.

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళి మావాళ్ళని పిలిచాను. పోలీసులకి చెప్పేస్తున్నానన్నాను. మొదట బతిమాలారు. నేను ఒప్పుకుంటే మొండి కప్పు పోతుందన్నారు. పోనీ అన్నాను. మంగలి మేస్త్రి షట్టరు దించాడు. మా ఊచలతోనే కొట్టారు. పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చుని అరిచిన వాళ్ళు, ఎవరి దెబ్బ ఎవరిదో నాకు చప్పుడుని బట్టి తెలుస్తోంది. నా దవడ పగిలింది, మాట మాత్రం వస్తోంది. చివరికి నా ఎడంచెయ్యి ఇనపదిమ్మ మీద పరిచి ఇద్దరు మోకాళ్ళేసి తొక్కిపట్టారు, మేస్త్రి సుత్తి తీసుకున్నాడు. ఐదు దెబ్బలు. వేళ్ళు లెక్కపెట్టి కొట్టాడు. జెండా మనిషిని తొక్కుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను కదా, వీళ్ళని ఆపడానికి కూడా ఎవడూ రాలేదు.

అయినా పోలీసుల్ని పిలిపించి చెప్పాను. నమ్మడం లేదు బావా. కళ్ళముందు అంత ఘోరం చూసి మతి చెదిరింది పాపం అంటున్నారు. రేసప్పుడు నేను ఖాళీ చేతులతో కూర్చున్నానని మావాళ్ళు ఇరవైమంది సాక్ష్యం చెప్పారు. నన్ను కొట్టింది సైలెన్సర్ మనుషులేనని కూడా రాయించారు, నేను దవడ విరగ్గొట్టిన ఆ కుర్రాణ్ణి పట్టుకుపోయారు. వాడు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఆ ముల్లు నీదే అయితే అలాంటిది ఇంకోటి అతికి చూపించు అన్నాడు ఇన్‌స్పెక్టరు. కట్టు విప్పి చెయ్యి చూపించాను.

ఆ ముక్క మీ ఆఫీసులో ఉందట. నా అతుకు నీకు తెలుసు. సోమవారం పదింటికి ఇక్కడ విచారణ. ఆ ముక్క తీసుకునిరా, అందులో నా చెయ్యి ఉంది. అదొక్కటే మిగిలింది నాకు. నువ్వు చూపిస్తే నమ్ముతారు.

అక్కకి నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

బామ్మర్ది

ఏప్రిల్ 20

బామ్మర్దికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నాది ఈపాటికి చదివే ఉంటావు. చదివి ఎంత తిట్టుకున్నావో నాకు తెలుసు, చాలదు, ఇంకా తిట్టు.

నువ్వు నిజం చెబుతానని చెయ్యి విరగ్గొట్టించుకున్న మర్నాడే నేను ఇక్కడ నీ చేతిపనిని చెరిపేశాను. నీ ఉత్తరం చదివి ఆ ముక్కని దీపం కింద పెట్టి గంటసేపు తిప్పాను. ఒక్క పొలుసు దొరకలేదు. ఏ పనైనా శుభ్రంగా చేస్తానని మా ఆఫీసులో నాకు పేరు.

మీ అక్కకి మొత్తం చెప్పాను, నీదీ నాదీ. చేతిలో ఉన్న గిన్నె నా మీదికి విసిరింది. గుమ్మానికి తగిలి సొట్టపడింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి, "ఆ దవడ విరిగిన పిల్లాడు లాకప్‌లో ఉన్నాడు, మీరిద్దరూ ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నారు" అంది. ఇప్పుడు పెట్టె సర్దుతోంది. ముగ్గురి బట్టలు సర్దుతోంది, నీ కోసం నా పాత చొక్కాలు వేసింది, చేతులు వదులుగా ఉన్నవి చూసి.

పోస్టులో వేస్తే సోమవారానికి చేరదని ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. విచారణలో ఏం మాట్లాడాలో ఆలోచించాను. ఆ ముక్క మీద నీ అతుకు లేదు, నా ఆకురాయి గీతలున్నాయి. విచారణ కోసం వచ్చిన ముక్కని బోర్డు మనిషి ఊరికే ఎందుకు అరగదీస్తాడు? ఎవరి అతుకు చూసి భయపడ్డాడు? అది నేను నా నోటితో చెబితే ఇరవైమంది సాక్ష్యం నిలవదు. ఉద్యోగం పోతుంది, నీతోపాటు నన్నూ లోపల వేస్తారు. ఆ పిల్లాడు బయటికొస్తాడు.

గేటు దగ్గర నాకోసం చూడు. ముందు నేను చెబుతాను, తర్వాత నువ్వు చెబుదువుగాని.

ఆ రూలు రాసినవాడు,
నీ బావ